ముందే చెప్పేసిన స్తోత్రం

మదనపల్లె ఆస్పత్రి,
12 జూన్ 1978

కుప్పం పంతులమ్మకు, పుంగనూరు ఎద్దుల దళారి మునిరత్నం మంచం మీద పడుకొని రాస్తాండే జాబు.

చెల్లెమ్మా శాంతా, ముందుగా ఒక మాట. నా కోడిగీతలు చూసి ఎర్రసిరా తీయొద్దు. అయిదో తరగతిలో అయివారు నా చెవి మెలేసిన పొద్దే చదువుకీ నాకూ చెల్లయిపోయింది.

ఎట్ల వచ్చి పడినానో చెప్తా. సంతలో ఒక కోడె నోరు తెరిచి పళ్లు చూపిస్తా పొగడతాండా. దగ్గొచ్చింది. తువ్వాలు అడ్డం పెట్టుకుంటే నెత్తర. కొనేటాయప్ప కోడెను వదిలేసి నన్నే చూసినాడు. "ముందు నీ పళ్లు సూపించుకో పో అప్పా" అన్నాడు. మీ వదిన రెడ్డెమ్మ ఏడస్తా బస్సెక్కించింది. ఈడికొస్తే క్షయ అన్నారు.

ఈడ మా వార్డుకు మూడు పక్కలే గోడ. నాలుగో పక్క గాలికి వదిలేసినారు. హార్స్‌లీ కొండ మీద గాలంతా తిన్నగా వచ్చి నా దుప్పట్లో దూరతాది. తలుపు లేదు, తాళం లేదు, అయినా పోలేను. గుంజకు కట్టేసిన ఎద్దు గుంజ చుట్టూ తిరగతాది చూడు, అట్ల మంచం చుట్టూ తిరగతాండా. "ఎప్పుడు పంపిస్తారు సార్" అని అడిగితే డాక్టరు "చూద్దాం" అంటాడు. సూదులు మధ్యలో మానేసి పోతే ఆ మందు మళ్లా పనిచేయదంట. ప్రార్థన చేసేదానికి వచ్చే అయ్యగారేమో "దేవుని కోసం కనిపెట్టుకొని ఉండు మునిరత్నం" అంటాడు. ఇద్దరూ ఒకే బళ్లో చదివినట్టుండారు.

పక్క మంచం ఓబులప్పది. నిమ్మనపల్లె పక్క పల్లె, గొర్రెలాయప్ప. నేను దగ్గితే "ఈ గొర్రె మా మందది కాదే" అంటాడు. ఆయప్ప ఉండబట్టి పొద్దు పోతాండాది.

నీకు మాత్రం నిజం చెప్తాండా. చెనిక్కాయలు పెరికే కాలం దాకా చూస్తా. అప్పటికీ చూద్దాం అన్నారా, మూట కట్టుకొని పుంగనూరికి పోతా. చచ్చేదేదో మా కొట్టంలో ఎద్దుల మధ్యన చస్తా. అవి చూద్దాం అనవు.

బావకు నా మాట చెప్పు. ఇంగ గంజి వస్తాండాది. దాన్ని గంజి అనేది కూడా నా మంచితనమే.

మీ అన్న,
మునిరత్నం


కుప్పం,
25 జూన్ 1978

అన్నా,

నీ జాబు చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. అది చూసి మూడో తరగతి పిల్లలు నాకు జ్వరమనుకున్నారు.

మూట కట్టే మాట ఇంకోసారి రాయకు. సూదులు సగంలో మానేసి వెళ్లినవాళ్లు ఏమయ్యారో ఆ వార్డులోనే అడుగు, చెబుతారు. నీకు గంజి రుచించడం లేదని నీ ఊపిరితిత్తులు ఊరుకోవు. నేను రోజూ ఉదయం, సాయంత్రం నీ కోసం మోకరిస్తున్నాను. నువ్వు మంచం మీద ఉండి చెయ్యవలసింది ఒక్కటే. ఉండు.

మీ బావ ఎప్పటిలాగే ఉన్నారు. రైల్వే గేటు దగ్గర పని, తర్వాత ఇల్లు. మా చంటిబాబు పోయిన నాటి నుంచి ఆయన చర్చి మెట్లు ఎక్కలేదని నీకు తెలుసు. నేను ప్రార్థన మొదలుపెడితే గేటు వెయ్యాలంటూ లేచిపోతారు, ఆ వేళకు ఏ రైలూ లేకపోయినా. మొన్న నీ కోసం ప్రార్థిద్దాం రమ్మంటే, "ఆ పొద్దు నేను అడగలేదా శాంతా? మోకాళ్లు కాయలు కాసేట్టు అడిగినా గదా" అన్నారు. నేనొక్కదాన్నే మోకరించాను.

అందుకే ఒక మాట అనుకున్నాను. నీకు నయమైందని జాబు వచ్చిన ఆదివారమే మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతాను. సంఘమంతటినీ పిలిచి పాటలు పాడించి భోజనం పెడతాను. ఎదురింటి సిద్దమ్మ ఈ మాట విని, "మీ సామి నయం చేస్తే నా పొట్టేలు ఇస్తానమ్మా. చెయ్యకపోతే నా పొట్టేలు నాకే" అంది. వాళ్లు గొర్రెలు మేపుకునే వాళ్లు, మన దేవుణ్ణి ఎరగరు. కానీ రోజూ గడప దగ్గరికి వచ్చి "మీ అన్నకు తగ్గిందా" అని అడుగుతుంది. వీధి అంతా చూస్తోందన్నా. ఇంట్లో ఆయన కూడా చూస్తున్నారు. పైకి చెప్పరు, అంతే.

గుడ్లు, పాలు ఇస్తారట కదా. పక్కవాళ్లకు పంచిపెట్టకుండా నువ్వే తిను.

నీ చెల్లెలు,
శాంతకుమారి


మదనపల్లె ఆస్పత్రి,
9 సెప్టెంబరు 1978

శాంతా, లేచి కూసోని చదువు. స్తోత్రం! నాకు నయమైపోయింది!

పొద్దున పెద్దడాక్టరు నా ఎక్స్‌రే ఫోటో కిటికీకి అడ్డం పట్టుకొని చూసినాడు. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లా చూసినాడు. "మునిరత్నం, ఇది ఊపిరితిత్తా, కడిగిన పలకా?" అన్నాడు. సిస్టర్లు అందరూ ఒకటే ఏడుపు, నేను పోతే నవ్వించేవాడు యాడ దొరకతాడని. డాక్టరు నన్ను భుజం మీద ఎక్కించుకొని వార్డంతా తిప్పుతానన్నాడు. ముసలాయన నడుము పట్టుకుంటాదని నేనే వద్దంటి. ఓబులప్ప వాళ్ల మందలో సగం నా పేరన రాసిస్తానని లేచి కూసున్నాడు. వంటాయన నేను మెచ్చుకునేదాకా పోనియ్యనని గంజిలో నెయ్యి పోసినాడు.

వచ్చేవారం గుర్రంకొండ దాకా మేళాలతో ఊరేగించి, ఆడ పూలదండ వేసి, వెనక్కి తెచ్చి పుంగనూరు బస్సెక్కిస్తారంట. నేను మాత్రం తిన్నగా కుప్పానికే వస్తా. సిద్దమ్మ పొట్టేలును బాగా మేపమను. మీ వదినకు ఇప్పుడే చెప్పొద్దు. ఇంత లావైన మొగుణ్ణి ఒక్కసారిగా చూస్తే జడుసుకుంటాది.

కొత్త ఊపిరితిత్తుల మీ అన్న,
మునిరత్నం


కుప్పం,
19 సెప్టెంబరు 1978

అన్నా, దేవునికి స్తోత్రం. వెయ్యిసార్లు స్తోత్రం.

డాక్టరు భుజాల మాట, మేళాల మాట నమ్మలేదులే. నీ అబద్ధాల మసాలా నాకు తెలియనిదా? మసాలా అంతా కడిగేశాక మిగిలింది చాలు నాకు. నీకు నయమైంది.

మొన్న ఆదివారమే కూడిక పెట్టేశాను. నువ్వు వచ్చేదాకా ఆగమని కొందరన్నారు. వద్దన్నాను. జాబు వచ్చిన ఆదివారమే అన్నాను కదా, దేవుడి దగ్గర గడువు మార్చడం ఏమిటి? తెల్లవారుతూనే సిద్దమ్మ పొట్టేలును తోలుకొని వచ్చింది. "పట్టుకోండమ్మా. మీ సామి మాట నిలబెట్టుకున్నాడు, నేనూ నిలబెట్టుకోవాల గదా" అంది. ఇల్లు చాలక పందిరి వేశాం. మా చర్చి అయ్యగారు వాక్యం చెప్పారు. సిద్దమ్మ కూడా కొంగు తలమీద వేసుకొని చివర కూర్చుంది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. మూడో పాట మొదలుపెట్టాక వాకిట్లో నుంచి ఒక గొంతు కలిసింది. తిరిగి చూడకుండానే తెలిసింది. మీ బావ. గేటు పని ముగించుకొని వచ్చి, లోపలికి రాకుండా గుంజను ఆనుకొని నిలబడి పాడుతున్నారు. బాబు పోయాక ఆ గొంతు నేను వినలేదన్నా. ఎవరూ వెనక్కి తిరగలేదు, తిరిగితే ఆగిపోతారేమోనని. పాట అయిపోయినా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాం, ఆయన కోసమే.

భోజనాలయ్యాక ఆయనే "బావను నేనే పోయి తోలుకొస్తా" అన్నారు. నీకు కొత్త చొక్కా కుట్టించారు. లావయ్యావని రాశావు కదా, వదులుగా కుట్టమన్నారు. శనివారం మొదటి బస్సుకు బయలుదేరుతారు. సిద్ధంగా ఉండు.

నీ శాంత


మదనపల్లె ఆస్పత్రి,
22 సెప్టెంబరు 1978

శాంతా, బావను ఆపు.

ఈ జాబు చేరేలోపల బయల్దేరి ఉంటే దేవుడే దిక్కు. నాకు నయం కాలేదు. అంతా ఎగతాళికి రాసినా.

పుట్టినప్పటినుంచి నా మాట ఒక్కటన్నా నమ్మినావా నువ్వు? నీ పెండ్లిచూపులప్పుడు పిల్లోడికి చెవుడు అని చెప్తే నమ్మితివా? మన బర్రె తెలుగులో మాట్లాడిందంటే నమ్మితివా? ఇదొక్కటీ యాల నమ్మినావు తల్లీ, ఎందుకు? నాకు తెలుసులే యాల నమ్మినావో. అడిగి అడిగి ఉండావు, అడిగిందే వచ్చిందనుకున్నావు. ఆకలిగొన్న గొడ్డుకు ఉత్త బుట్ట చూపించినా పరిగెత్తుకొని వస్తాది. నేను నీకు ఉత్త బుట్ట చూపించినా.

ఆ పొద్దు డాక్టరు నిజంగానే ఫోటో చూసినాడు. ఎడమపక్క మందుకు లొంగలేదన్నాడు. కోయాల్సి వస్తాదేమో, చూద్దాం అన్నాడు. అది రాద్దామనే కూసున్నా. చెయ్యి రాలేదు. ఆ నయమైన కత రాసినా. అది చదివి నువ్వు నన్ను తిట్టుకొని నవ్వుకుంటావనుకుంటి. పందిరేస్తావని అనుకోలేదు.

బావ పాడినాడని చదివినాక కూసోలేకపోతాండా, పడుకోలేకపోతాండా. గంజి కూడా తాగలేదు, ఈసారి గంజి తప్పేం లేదు.

మునిరత్నం


కుప్పం,
2 అక్టోబరు 1978

అన్నా,

నీ జాబు ఆయన వెళ్లిన తర్వాత సోమవారం చేరింది. దానికంటే ముందు ఆయనే ఇల్లు చేరారు, ఒంటరిగా. చొక్కా పొట్లం లేదు. "అన్న ఏడి" అంటే "ఆడే ఉండాడు" అన్నారు. అంతే. నీ జాబు వచ్చాకే నాకు సంగతి తెలిసింది.

అప్పటి నుంచి మనిషి నోరు విప్పలేదు. గేటు వేస్తారు, తీస్తారు, వచ్చి సంగటి తిని పడుకుంటారు. ఇంతకు ముందు కనీసం దేవుడి మీద కోపమైనా ఉండేది. ఇప్పుడు అదీ కనబడడం లేదు. ఏం చెప్పావన్నా ఆయనకు? అక్కడ కూడా ఎగతాళి చేశావా? కూడిక సంగతి పక్క మంచాలవాళ్లకు చెప్పి నవ్వించావా?

నేను చర్చికి వెళ్తే "మీ అన్న ఎలా ఉన్నారు, స్తోత్రం" అంటారు. "స్తోత్రం" అంటాను. నిజం చెబితే ఆయన పాటను నేనే నలుగురిలో పెట్టి చించినట్టు. చెప్పకపోతే ప్రతి ఆదివారం దేవుడి ఎదుట అబద్ధం. బడిలో పిల్లలు అబద్ధమాడితే గోడకుర్చీ వేయిస్తాను, ఇప్పుడు నా గోడ ఎక్కడ? సిద్దమ్మ నీకు పెట్టడానికి మజ్జిగ మిరపకాయలు తెచ్చి, "మీ అన్న ఎప్పుడొస్తాడు" అంటుంది. తలుపు వేసుకొని ఇంట్లో లేనట్టు కూర్చుంటున్నాను.

చెనిక్కాయలు పెరికే కాలం వచ్చింది. మూట కట్టుకుంటానన్నావు కదా. కట్టుకో. ఉండమని నేను ఇక అడగను. అడిగీ అడిగీ అలసిపోయాను, నిన్నూ, పైనున్నవాణ్ణీ.

శాంతకుమారి


మదనపల్లె ఆస్పత్రి,
8 అక్టోబరు 1978

పంతులమ్మా, గోడకుర్చీ నాకే వెయ్యి. కానీ ఇది చదివినాక వెయ్యి.

బావ వచ్చినప్పుడు నేను దుప్పటి కప్పుకొని ఉండా. "ఏం బావా, పెండ్లికొడుకు మాదిరి తయారై కూసోని ఉంటావనుకుంటి" అంటా నవ్వతా వచ్చినాడు. ఉమ్మే డబ్బా మంచం కిందికి తోసేసినా. డబ్బాను తోసినట్టు దగ్గును తోసేదానికి కాదు గదా. దగ్గు వచ్చింది, నెత్తర కూడా వచ్చింది. బావ చొక్కా పొట్లం ఒళ్లో పెట్టుకొని స్టూలు మీద కూసున్నాడు.

"తగ్గలేదా?"

"లేదు బావా. ఎగతాళికి రాసినా."

కొట్టింటే బాగుండు. కొట్టలేదు. కొండల పక్క చూస్తా, "అయితే నేను ఎవరికి పాడినట్టు?" అన్నాడు.

నాకు వచ్చింది సంత ఒక్కటే, అదే చెప్పినా. సంతలో బేరం నోటితో చెయ్యం గదా. తువ్వాలు కప్పుకొని దాని కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని వేళ్లు నొక్కి చెప్పుకుంటాం. చుట్టూ ఉండేటోళ్లకు ఏమీ తెలీదు. ఒక్కోతూరి అవతలాయప్ప ఏ వేలూ నొక్కడు, ఊరికే చెయ్యి పట్టుకొని ఉంటాడు. ఔనా కాదా తెలీదు. పానం పోతాది. అప్పుడు మనం చెయ్యాల్సింది ఒక్కటే, చెయ్యి తీసెయ్యకుండా ఉండాల. "బిడ్డ పోయినప్పుడు నువ్వు చెయ్యి తీసేసినావు బావా. నేను తప్పంటానా? మొన్న మళ్లా పెట్టినావు. నా అబద్ధం విని పెట్టినావు, నిజమే. కానీ తువ్వాలు కింద నీ చెయ్యి పట్టుకున్నది నేను కాదు గదా" అంటి.

నేనేదో గొప్పగా చెప్పినాననుకున్నా. బావ నా పక్క తిరిగి, "నీతులు నాకు బాగా చెప్తాండావు. చెనిక్కాయలు పెరికినాక పారిపోతానని శాంతకు రాసినావంట. నీ చెయ్యి యాడుండాది?" అన్నాడు.

ఎన్నో ఏండ్లు మాటలమ్ముకొని బతికినోణ్ణి. రైలు గేటాయప్ప ఒక్క మాటతో నా నోటికి గేటేసేసినాడు.

అప్పుడు అసలుది చెప్పినా. పక్కటెముకలు కొన్ని తీసేసి, చెడిపోయిన పక్కను కోయాల. కొందరు లేస్తారు, కొందరు లేవరు. ఇంటోళ్లు ఎవరన్నా సరే అనాల. మీ వదిన వచ్చి, ఏడ్చి, "కోయించుకొని చచ్చేదానికంటే ఇంటికొచ్చెయ్" అని పోయింది. మళ్లా రాలేదు. నాకూ మూట కట్టుకోవాలనే ఉండె. బావ పోయి డాక్టరుతో మాట్లాడొచ్చినాడు. "నేను సరే అన్నా" అన్నాడు. నువ్వు తట్టుకోలేవని, నీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా. అందుకే మూగోడైనాడు. నువ్వు వేరేగా అనుకున్నావు. ఆయప్ప మీద కోపం పడొద్దు. ఒట్టు ఇప్పుడు నేనే తీసేసినా, మాట్లాడమను.

ఇంకొకటి. ఓబులప్ప పోయిన నెల చెప్పకుండా ఇంటికి పోయినాడు, గొర్రెల మీద బెంగతో. నిన్న బండిలో పడుకోబెట్టి తెచ్చినారు. ముందు మందు ఇంగ పనిచేయదంట. "మీ మంద గొర్రె మళ్లా వచ్చిందే" అని ఎగతాళి చేద్దామనుకున్నా. చెయ్యలేకపోయినా. ఆయప్ప చెయ్యి పట్టుకొని కూసున్నా.

ఆపరేషను ఎప్పుడంటే చూద్దాం అన్నారు. ఉండా.

మీ అన్న


కుప్పం,
6 నవంబరు 1978

అన్నా,

ఇన్నాళ్లూ జాబు రాయలేదు. రాయదగిన పని చేశాక రాద్దామనుకున్నాను.

నిన్న ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. "మా అన్నకు నయం కాలేదు. ఆయన ఎగతాళికి రాస్తే నేను నమ్మి కూడిక పెట్టాను. మీరంతా వచ్చి స్తోత్రం చెప్పారు. చెప్పిన స్తోత్రాన్ని నేను వెనక్కి తీసుకోను. ఆపరేషను ఉంది, ప్రార్థన చెయ్యండి" అన్నాను. ఇంతే చెప్పగలిగాను. సంఘపెద్ద రామప్ప గారు, "జరగని మేలుకు దేవుని ఎదుట స్తోత్రం చెప్పించినావే, ఇదేం ఆటమ్మా? మీ ఇంటోళ్లకు ఇదే పనా?" అన్నారు. కొందరు నా పక్క నుంచి జరిగి కూర్చున్నారు. వాళ్లు జరిగిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది నా కళ్లలో.

ఇంటికి వచ్చి సిద్దమ్మకు నేనే వెళ్లి చెప్పాను. పొట్టేలుకు బదులు ఏదైనా ఇస్తానన్నాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "తినేసిన పొట్టేలును వెనక్కి ఎట్ల ఇస్తావమ్మా? ఊరందరికీ అన్నం పెట్టించుకున్నాడు గదా మీ సామి. ఇంగ చెయ్యక యాడికి పోతాడు?" అంది. మజ్జిగ మిరపకాయలు కూడా ఇచ్చి పంపింది.

మీ బావకు నీ ఒట్టు తీసేశావని చెప్పాను. మాట్లాడారు, కొంచెమే. నేను సాక్ష్యం చెబుతుంటే ఆయన సైకిలు పట్టుకొని చర్చి బయట ప్రహరీ దగ్గర నిలబడ్డారట. లోపలికి రాలేదు. రమ్మని నేనూ అనలేదు. "ఆపరేషను పొద్దుకు నేను పోతా. నువ్వు బడి చూసుకో" అన్నారు.

నీ మీద కోపం పోలేదు. నువ్వు కోలుకున్నాక తీరిగ్గా కోప్పడాలని దాచి పెట్టాను. అందుకైనా లేచి కూర్చో. ఆపరేషను అయ్యాక జాబు రాయి. ఒక్క ముక్క మసాలా ఉన్నా నమ్మను.

నీ శాంత


మదనపల్లె ఆస్పత్రి,
27 నవంబరు 1978

శాంతా,

నేనే రాస్తాండా. ఎడమ చెయ్యి కదపకూడదు. కుడిచెయ్యి బాగుండాది, అక్షరాలే ముందుకంటే బాగలేవు.

కోసినారు. లేచినా. లేచినా అంటే కండ్లు తెరిచినా, అంతే. ఊపిరి పీల్చుకుంటే కొట్టం తలుపు కిర్రుమన్నట్టుంటాది. నవ్వకూడదంట, కుట్లు తెగతాయంట. నాకు ఇంతకంటే పెద్ద శిక్ష ఎవరు వేస్తారు? నయమైందా అని అడిగితే, ఇంకా కొన్ని నెలలు కఫం పరీక్షలు చేస్తే గానీ చెప్పలేమన్నారు. సూదులు మళ్లా మొదటినుంచి. అదే మంచం, అదే గాలి. ఓబులప్ప మంచంలో మొన్నటి నుంచి ఎవరూ లేరు. రాయలేను దాని గురించి.

మీ వదిన వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకొని నన్నే చూస్తా కూసోనుండాది. ఇంటికి రమ్మని అనలేదు.

నేను కండ్లు తెరిచేతలికి బావ స్టూలు మీద ఉండాడు. అయ్యగారి మాదిరి కండ్లు మూసుకొని కాదు, కిటికీలో నుంచి రోడ్డు మీద బస్సులు చూస్తా. సన్నగా ఏదో గొణుగుతాండాడు. రైలు కోసం గేటు కాడ కూసోని గొణుక్కుంటారే, అట్ల. చెవి పెట్టి వింటే పాట. మీ ఇంట్లో పాడిందేనో ఇంకోటో నాకు తెలీదు. గొంతు పలికితే నొప్పి, అయినా అడిగినా.

"తగ్గిందో లేదో ఇంకా తెలీదు గదా బావా. యాల పాడతాండావు?"

నా పక్క తిరగలేదు.

"ఊరికే" అన్నాడు. మళ్లా ఎత్తుకున్నాడు.

సూదేసే సిస్టరు వస్తాండాది. ఆపుతా.

మీ అన్న,
మునిరత్నం